‘రాలేదు’ తెలిసినవారికి ‘డిడ్ నాట్ కమ్’ కొత్త కాదు

ప్రశ్న: నా వయసు 34. డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలోనే చదివాను. ఒక ఫైనాన్స్ కంపెనీ శాఖలో పనిచేస్తున్నాను. నాకు రావలసిన ఇంక్రిమెంటు లెటరు రాకపోవడంతో మా పై అధికారికి ఈ మెయిల్ రాసుకున్నాను: ‘ఐ యామ్ వర్కింగ్ ఇన్ దిస్ బ్రాంచ్ సిన్స్ టూ ఇయర్స్. ఐ డిడ్ నాట్ రిసీవ్డ్ మై ఇంక్రిమెంట్ లెటర్. వన్ ఆఫ్ మై కొలీగ్ టోల్డ్ దట్ యు డిస్కస్డ్ అబౌట్ ఇట్ ఇన్ ద మీటింగ్. ప్లీజ్ టెల్ మీ వెన్ విల్ ఐ గెట్ ఇట్.’ పంపే ముందు పక్క సీటులోని సహోద్యోగికి చూపిస్తే, ఆయన నవ్వి, ‘ఇందులో ఐదు తప్పులున్నాయి’ అన్నారు గానీ అవేమిటో చెప్పలేదు. మెయిల్ ఇంకా డ్రాఫ్టులోనే ఉంది. ఇప్పటికి మూడుసార్లు గ్రామర్ పుస్తకం కొన్నాను. మూడుసార్లూ టెన్సుల పట్టిక దగ్గరే ఆగిపోయాను. మూడో తరగతి చదువుతున్న మా అబ్బాయి కూడా నా ఇంగ్లీషు దిద్దుతున్నాడు. ఈ వయసులో ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? ఏ పుస్తకం చదవాలి?

సమాధానం: అమ్మా, మీ సహోద్యోగి ఐదన్నారు గానీ నా లెక్కకు ఏడు తేలాయి, కాబట్టి ఆయన నవ్వును మరీ మనసుకు పట్టించుకోవలసిన పనిలేదు. మీ అధికారికి అర్థం కాని వాక్యం ఈ మెయిల్లో ఒక్కటి కూడా లేదన్న మాట ముందుగా చెప్పాలి. అయితే ఇది జీతానికి సంబంధించిన వ్యవహారం కనుక, చదివేవారి దృష్టి తప్పుల మీదికి పోకుండా విషయం మీదే నిలవాలని మీరు కోరుకోవడం న్యాయమే.

ఆ ఏడు తప్పులనూ ఒక్కొక్కటిగా పరీక్షిస్తే, అవి తోచినట్టు దొర్లినవి కావని తెలుస్తుంది. ఇంగ్లీషు మాటల కింద తెలుగు వాక్యం కూర్చుని ఉండటం వల్ల వచ్చినవి ఐదు. తక్కిన రెండు మాత్రం తమాషా అయినవి: అక్కడ మీరు తెలుగునే నమ్ముకుని ఉంటే ఆ తప్పులు వచ్చేవే కావు. టెన్సుల పట్టిక దగ్గర మీరు ఆగిపోవడానికి కారణం, నాకు తోచినంతవరకు, ఆ పట్టిక మీకు తెలిసిన భాషతో ఎక్కడా ముడిపడకపోవడమే. అందుకని నేను మీకు నాలుగో పుస్తకం చెప్పను. మీకు పుట్టుకతో వచ్చిన తెలుగు వ్యాకరణాన్నే కొలబద్దగా పెట్టుకుని ఈ మెయిల్‌ను దిద్దుదాం.

తెలుగును నమ్ముకుంటే రాకపోయే తప్పులతో మొదలుపెడతాను. ‘అందింది’ అన్న క్రియను వ్యతిరేకంలో చెప్పమంటే మీరు ‘అందలేదు’ అంటారు. ‘అందిందిలేదు’ అని పసిపిల్లలు కూడా అనరు. ‘వచ్చాడు’కు ‘రాలేదు’, ‘తిన్నాడు’కు ‘తినలేదు’. జరిగిపోయిన కాలాన్ని మోసే పని ‘లేదు’ తీసుకుంది కాబట్టి, అసలు క్రియ తన భూతకాలపు రూపాన్ని విడిచిపెట్టి ‘అంద’, ‘రా’, ‘తిన’ అని బోసిగా మిగిలింది. ఇంగ్లీషులో జరిగేదీ అచ్చంగా ఇదే. ‘డిడ్’ రాగానే భూతకాలం దాని నెత్తికి ఎక్కుతుంది, అసలు క్రియ బోసిగా ‘రిసీవ్’, ‘కమ్’, ‘ఈట్’ అని నిలబడుతుంది. ‘డిడ్ నాట్ రిసీవ్డ్’ అనడం తెలుగులో ‘అందిందిలేదు’ అనడం లాంటిదే. ‘డిడ్ యు వెంట్?’ అన్నదీ, ‘హి డజ్ నాట్ నోస్’ అన్నదీ ఇదే కోవలోకి వస్తాయి. డజ్ తనలో ఒక ‘స’కారాన్ని మింగింది కాబట్టి ‘నో’కు ఇంకొకటి తగిలించకూడదు.

అయితే మీ వాక్యానికి ‘డిడ్ నాట్ రిసీవ్’ కంటే కూడా బాగా నప్పే రూపం ఇంకొకటి ఉంది. తెలుగులో ‘అందలేదు’ అన్న ఒక్క మాట రెండు పనులు చేస్తుంది. ‘నిన్న అందలేదు’ అన్నప్పుడు ఆ సంగతి నిన్నటితో ముగిసింది. ‘ఇంకా అందలేదు’ అన్నప్పుడు ఎదురుచూపు నడుస్తూనే ఉంది. ఇంగ్లీషు ఈ రెంటినీ రెండు వేర్వేరు రూపాల్లో చెబుతుంది. మీ వాక్యం ముందు ‘ఇంకా’ పెట్టి చూడండి. అతికితే ‘ఐ హావ్ నాట్ రిసీవ్డ్’, అతకక ‘నిన్న’, ‘పోయిన సోమవారం’, ‘2019లో’ లాంటి మాట కోరితే ‘ఐ డిడ్ నాట్ రిసీవ్’. నిన్న అన్న మాట స్పష్టంగా ఉన్నచోట హావ్‌ను తెచ్చి ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్డే’ అనడం మన ఆఫీసుల్లో రోజూ వినబడే పొరపాటు. కాలం తేల్చి చెప్పిన చోట హావ్‌కు చోటు లేదు. మీ లెటరు ఇంకా రాలేదు కాబట్టి మనకు హావ్ కావాలి.

రెండవది ‘వన్ ఆఫ్ మై కొలీగ్’. దీన్ని తెలుగులోకి మార్చండి: ‘నా సహోద్యోగుల్లో ఒకరు’. సహోద్యోగులు అన్న బహువచనం తెలుగులోనే ఉంది. ‘నా సహోద్యోగిలో ఒకరు’ అంటే అర్థమే చెడుతుంది. కనుక ‘కొలీగ్స్’. ఇదే వాక్యంలో క్రియ ఎవరితో కలవాలన్న సందేహాన్ని కూడా తెలుగే తీరుస్తుంది. ‘నా స్నేహితుల్లో ఒకడు గుంటూరులో ఉంటాడు’ అంటాం, ‘ఉంటారు’ అనం. క్రియ ఒకడితో కలిసింది. అక్కడా అంతే, ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ లివ్స్ ఇన్ గుంటూరు’.

ఇక తెలుగు మనల్ని దారి తప్పించే చోట్లకు వద్దాం. ‘రెండేళ్ళ నుంచి’, ‘2022 నుంచి’ అని రెంటికీ మనం ఒకే ‘నుంచి’ వాడతాం. ఇంగ్లీషు ఇక్కడ గీత గీస్తుంది: గడిచిన కాలం ఎంతో చెబితే ‘ఫర్’, మొదలైన క్షణం ఎప్పుడో చెబితే ‘సిన్స్’. ఈ సూత్రం మీరు మూడు పుస్తకాల్లోనూ చదివే ఉంటారు. చదివినా రాసే వేళకు గుర్తురాదు. నేను తరగతిలో చెబుతూ వచ్చిన కిటుకు వేరు. ‘నుంచి’ స్థానంలో ‘గా’ పెట్టి చూడండి. ‘రెండేళ్ళుగా పనిచేస్తున్నాను’, ‘మూడు రోజులుగా జ్వరం’, ‘గంటసేపుగా ఎదురుచూస్తున్నాను’ అని చెప్పగలం. ‘2022గా పనిచేస్తున్నాను’, ‘సోమవారంగా జ్వరం’ అని చెప్పలేం. ‘గా’ అతికిన చోట ఫర్, అతకని చోట సిన్స్. ఈ కిటుకు నాకు ఊరికే రాలేదు. ట్యూటరుగా చేరిన కొత్తలో, ‘ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ త్రీ డేస్’ అని, తెలుగునాట బడిలో చదివిన ప్రతివారూ ఏదో ఒకనాడు రాసిన ఆ సెలవు చీటీనే నేనూ రాసి ప్రిన్సిపాలుగారి బల్ల మీద పెట్టాను. ఆయన సెలవు మంజూరు చేసి, ‘సిన్స్’ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి తిరిగి ఇచ్చారు. నేను ఇంగ్లీషు ట్యూటరునే!

ఆ చీటీలో ఎర్ర సున్నా పడవలసిన చోటు ఇంకొకటి కూడా ఉంది, మీ మెయిల్లోనూ ఉంది: ‘ఐ యామ్ వర్కింగ్’. తెలుగులో ‘పనిచేస్తున్నాను’ అన్న రూపం ఇప్పుడు జరుగుతున్న పనికీ, ఎప్పుడో మొదలై ఇప్పటిదాకా సాగివచ్చిన పనికీ సరిపోతుంది. ఇంగ్లీషులో మాత్రం వెనకటి నుంచి సాగివచ్చిందని చెప్పే మాట వాక్యంలో ఉంటే, క్రియ కూడా ఆ వెనకటి కాలాన్ని తాకాలి: ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’. రెండేళ్ళ ప్రసక్తి లేకపోతే ‘ఐ యామ్ వర్కింగ్ ఇన్ దిస్ బ్రాంచ్’ అన్నది నిక్షేపంలాంటి వాక్యమే.

ఈ ‘ఉన్నాను’ రూపం పెట్టే ఇబ్బంది ఇంతటితో ఆగదు కాబట్టి మెయిల్‌ను కాస్త పక్కన పెట్టి ఇంకొక మాట చెబుతాను. ‘చేస్తూ ఉన్నాను’ అన్నదే ‘చేస్తున్నాను’గా కుదించుకుపోయింది. అందుకని తెలుగువాడికి ‘ఉన్నారు’, ‘ఉంది’ అన్న మాట వినబడగానే ఏదో సాగుతున్న పని అనిపించి, చేతికి ‘ఇంగ్’ తగులుతుందని నా అనుమానం. ‘నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు’ అన్నది ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ అవుతుంది. ‘నాకొక సందేహం ఉంది’ అన్నది ‘ఐ యామ్ హావింగ్ ఎ డౌట్’ అవుతుంది. అన్నలు ఉండటం మనం చేస్తున్న పని కాదు, కనుక ‘ఐ హావ్ టూ బ్రదర్స్’. భోజనం మాత్రం చేస్తున్న పని. ‘ఐ యామ్ హావింగ్ లంచ్’ తప్పు కాదు. తెలుగు వాక్యం ఒట్టి ‘ఉంది’తో ముగిస్తే హావ్, ‘చేస్తున్నాను, తింటున్నాను’ అన్న అర్థమిస్తే హావింగ్ అని గుర్తు పెట్టుకుంటే చాలు. అలాగే ‘రోజూ’, ‘ప్రతి శనివారం’ వంటి మాటలున్న వాక్యానికి ఇంగ్ అవసరం సాధారణంగా ఉండదు: ‘ఐ గో టు ద టెంపుల్ ఎవ్రీ సాటర్డే’.

తిరిగి మెయిల్‌కు వద్దాం. ‘చెప్పారు’ అన్న తెలుగు క్రియకు ఎవరికి చెప్పారన్నది లేకపోయినా లోటు లేదు. ‘టోల్డ్’ అలా ఒంటరిగా నిలబడదు. వినేవారు పక్కనే ఉండాలి. టోల్డ్ మీ, టోల్డ్ అస్, టోల్డ్ ద మేనేజర్. వినేవారిని చెప్పదలచుకోకపోతే ‘అన్నారు’కు దగ్గరైన ‘సెడ్’ వాడుకోవాలి. అన్నారు అయితే సెడ్, నాకు చెప్పారు అయితే టోల్డ్ మీ. ఇక్కడే పొంచి ఉన్న మరో గోతిని కూడా చూపిస్తాను. మన ‘అని’ ఎదుటివారి మాటను ఉన్నది ఉన్నట్టుగా మోసుకొస్తుంది. ‘రేపు వస్తానని మేనేజరు చెప్పాడు’ అన్నప్పుడు ‘వస్తాను’ అన్న ఉత్తమ పురుష మేనేజరుదే, అది ఆ మాటను మనకు చేరవేస్తున్నవాడిదని ఏ తెలుగువాడూ పొరబడడు. దీన్ని ‘ద మేనేజర్ టోల్డ్ మీ దట్ ఐ విల్ కమ్’ అని దించితే, రాబోయేది మేనేజరు కాక మీరవుతారు. ఇది వ్యాకరణ దోషంగా కనబడదు. కంప్యూటరు ఎర్రగీతా నీలిగీతా గీయదు. అర్థం మాత్రం తలకిందులవుతుంది. ‘ద మేనేజర్ టోల్డ్ మీ దట్ హి వుడ్ కమ్’ అనాలి.

‘డిస్కస్డ్ అబౌట్’ సంగతి చూద్దాం. ‘దాని గురించి చర్చించారు’ అన్న వాక్యంలోని ‘గురించి’ మీ చేత ‘అబౌట్’ రాయించింది. మనం బడిలో వల్లెవేసిన విభక్తుల పట్టికను ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి: ‘నిన్, నున్, లన్, కూర్చి, గురించి’ ద్వితీయా విభక్తి. అంటే గురించి అన్న మాట ని, ను అన్న ప్రత్యయాల పంక్తిలోనే కూర్చుంది. ‘దాని గురించి చర్చించారు’ అన్నా, ‘దాన్ని చర్చించారు’ అన్నా చర్చ దేని మీదో అదే కర్మ. ఇంగ్లీషు ‘డిస్కస్’ ఆ రెండో పద్ధతినే ఒప్పుకుంటుంది. కర్మను నేరుగా తీసుకుంటుంది: ‘డిస్కస్డ్ ఇట్’. ఇలాగే ‘గదిలోకి ప్రవేశించాడు’లోని ‘లోకి’ని చూసి ‘ఎంటర్డ్ ఇంటు ద రూమ్’ అనీ, ‘ఊరికి చేరాడు’లోని ‘కి’ని చూసి ‘రీచ్డ్ టు ద విలేజ్’ అనీ రాస్తాం. ఆ రెండు చోట్లా ఇంటు, టు తీసేయాలి. దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ‘నాకు వివరించండి’లోని ‘కు’ను మాత్రం మింగేసి ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ అంటాం. అక్కడ ‘ఎక్స్‌ప్లెయిన్ టు మీ’ అని టు ఉండి తీరాలి. ‘నా మీద కోపం’ అన్నందుకు ‘యాంగ్రీ ఆన్ మీ’ కాదు, ‘యాంగ్రీ విత్ మీ’. ‘లెక్కల్లో దిట్ట’ అయితే ‘గుడ్ ఎట్ మ్యాథ్స్’. ఈ విభాగంలో తెలుగు కొలబద్ద పనిచేయదని నిజాయితీగా ఒప్పుకుంటాను. ఏ క్రియకు ఏ ప్రిపొజిషన్ అన్నది ఇంటిపేరుతో సహా మనిషి పేరు గుర్తుపెట్టుకున్నట్టు, ‘వెయిట్ ఫర్’, ‘లిజన్ టు’, ‘డిపెండ్ ఆన్’ అని జంటగా గుర్తుపెట్టుకోవలసిందే.

చివరి వాక్యంలో ‘వెన్ విల్ ఐ గెట్ ఇట్’ అన్నారు. నేరుగా ప్రశ్న అడిగితే అది తప్పు కాదు. ‘ప్లీజ్ టెల్ మీ’ తరవాత వచ్చింది కనుక తప్పయింది. దీనికి తెలుగులో చక్కని గుర్తు ఉంది. ‘ఆఫీసు ఎక్కడ ఉంది?’ అని అడిగినప్పుడు క్రియ మామూలుగా ఉంటుంది. ‘ఆఫీసు ఎక్కడ ఉందో చెప్పండి’ అన్నప్పుడు క్రియ చివర ‘ఓ’ చేరుతుంది. ఉందో, వస్తాడో, ఎందుకు రాలేదో, ఎంతవుతుందో. ఈ ‘ఓ’ వినబడిందంటే ఆ ప్రశ్న ఇంకొక వాక్యం ఒడిలో కూర్చుందని అర్థం. అప్పుడు ఇంగ్లీషులో మాటల వరుస తిరగబడకూడదు. ‘వేర్ ఈజ్ ద ఆఫీస్?’ అన్నది ‘ప్లీజ్ టెల్ మీ వేర్ ద ఆఫీస్ ఈజ్’ అవుతుంది. మీకు లెటరు ఎప్పుడు ‘వస్తుందో’ చెప్పమంటున్నారు, ‘ఓ’ ఉంది, కాబట్టి ‘వెన్ ఐ విల్ గెట్ ఇట్’. ‘ఓ’ లేని చోట మనం దీనికి ఎదురు తప్పు చేస్తుంటాం: ‘వై యు డిడ్ నాట్ కమ్?’ అని. ‘ఎందుకు రాలేదు?’ అన్నది నేరుగా అడిగిన ప్రశ్న, ఓ లేదు, కనుక వరుస తిరగబడాలి: ‘వై డిడ్ యు నాట్ కమ్?’.

ఇప్పుడు మీ మెయిల్ ఇలా ఉంటుంది: ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ ఇన్ దిస్ బ్రాంచ్ ఫర్ టూ ఇయర్స్. ఐ హావ్ నాట్ రిసీవ్డ్ మై ఇంక్రిమెంట్ లెటర్. వన్ ఆఫ్ మై కొలీగ్స్ టోల్డ్ మీ దట్ యు హాడ్ డిస్కస్డ్ ఇట్ ఇన్ ద మీటింగ్. ప్లీజ్ టెల్ మీ వెన్ ఐ విల్ గెట్ ఇట్.’ మూడో వాక్యంలో ‘హాడ్’ ఎందుకంటారా? సహోద్యోగి మీకు చెప్పడం కంటే ముందే ఆ చర్చ జరిగింది కాబట్టి. అది లేకపోయినా ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు.

మీరు అడగకపోయినా ‘ఎ’, ‘యాన్’, ‘ద’ అన్న ఆర్టికల్స్ గురించి చెప్పకుండా వదిలితే ఈ సమాధానం కుంటిదవుతుంది. తెలుగులో అవి లేవు. రష్యన్‌లోనూ లేవు, కాబట్టి ఈ బాధ మనకొక్కరికే కాదు. ‘ఎ’, ‘యాన్’ల విషయంలో నిర్ణయించేది మొదటి అక్షరం కాదు, మొదటి ధ్వని. ధ్వనిని పట్టుకోవడానికి మన లిపి కంటే మంచి సాధనం లేదు: మాటను తెలుగులో రాసి చూడండి. యూనివర్సిటీ హల్లుతో మొదలవుతుంది, కాబట్టి ‘ఎ యూనివర్సిటీ’. అవర్ అచ్చుతో మొదలవుతుంది, కాబట్టి ‘యాన్ అవర్’. ఎమ్మెల్యే, ఎఫ్‌ఐఆర్, ఎల్‌ఐసీ పాలసీ అన్నిటికీ మొదట అచ్చే, కాబట్టి యాన్. అయితే ఈ కొలబద్దకు రెండు చోట్ల వంకర ఉంది. యాపిల్, యాక్టర్, యాక్సిడెంట్ అన్న మాటల మొదట్లో ఉన్న ధ్వనికి మనకు విడిగా అక్షరం లేక ‘యా’ను అరువు తెచ్చుకున్నాం, అది నిజానికి అచ్చే, అందుకే ‘యాన్ యాక్సిడెంట్’. రెండోది ‘ఇయర్’. చెవికీ సంవత్సరానికీ మనం ఒకేలా రాస్తాం. చెవి అయితే యాన్, సంవత్సరం అయితే ఎ. మన నాలుక ఎ, ఒ ల ముందు ‘య’కార, ‘వ’కారాలు చేర్చి ‘యెమ్మెల్యే’ అని పలుకుతుంది కనుక, నోటితో అని చూసేకంటే కాగితం మీద రాసి చూడటమే క్షేమం.

‘ద’ సంగతి ఇంకా సూక్ష్మమైనది. దానికి సంబంధించిన ఎరుక మనకు లేకపోలేదు. ‘ఉత్తరం చదివాను’ అనడానికీ ‘ఉత్తరాన్ని చదివాను’ అనడానికీ తేడా మీకు తెలుస్తుంది కదా. రెండో వాక్యం వింటే, ఏ ఉత్తరమో వినేవారికి ముందే తెలుసునని చాలాసార్లు తోస్తుంది. ‘ద’ చేసే పని అదే. ‘ఆ’ అని గానీ, ‘ని’ అని గానీ చేర్చినా వాక్యం సహజంగా వినిపిస్తే ‘ద’ అవసరమయ్యే అవకాశం ఎక్కువ. పేర్లకు మాత్రం వాడుకే ప్రమాణం: నదులకు ఉంటుంది, ఊళ్ళకు ఉండదు. ద గోదావరి, ద కృష్ణా, ద బే ఆఫ్ బెంగాల్. రాజమండ్రికీ విజయవాడకీ అక్కర్లేదు. మీ అబ్బాయి చదువుకోవడానికి ‘గోస్ టు స్కూల్’, అదే బడికి మీరు ఫీజు కట్టడానికి ‘గో టు ద స్కూల్’.

తక్కినవి త్వరగా దాటేస్తాను. ‘వర్షం పడితే’ అన్న చేదర్థకంలో, అంటే షరతు చెప్పే రూపంలో, భవిష్యత్తు గుర్తు లేదు. అలాగే ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’ అనాలి, ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అనకూడదు. ‘పది రూపాయల నోటు’లో బహువచనం ఉన్నా ఇంగ్లీషులో ‘టెన్ రూపీ నోట్’, ‘టూ ఇయర్ కోర్స్’ అని ఏకవచనమే. సలహాలు, సామాన్లు, సమాచారాలు మనకు లెక్కకు వస్తాయి గానీ అడ్వైస్, లగేజ్, ఇన్ఫర్మేషన్‌లకు ‘స్’ చేరదు. ఇందులో తర్కం వెతకకండి. గ్లాసెడే ఉన్నా మనం ‘నీళ్ళున్నాయి’ అని బహువచనం వాడటం లేదా?

కొన్నిటిని తప్పులుగా లెక్కించి నిద్ర పాడుచేసుకోవద్దని కూడా నా సలహా. ‘ప్రీపోన్’ మనవాళ్ళు అవసరం కొద్దీ చేసుకున్న మాట, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు ఎక్కింది. ‘నిన్ననే వచ్చాను’లోని ‘నే’ను వదులుకోలేక ‘ఐ కేమ్ యెస్టర్డే ఓన్లీ’ అంటాం. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు దానివల్ల వచ్చిన నష్టం లేదు, విదేశాల్లోని క్లయింటుకు రాసేటప్పుడు మాత్రం ‘ఓన్లీ’ తీసేయండి. ‘రివర్ట్ బ్యాక్’, ‘రిటర్న్ బ్యాక్’లలో ‘బ్యాక్’ దండగ. ‘మైసెల్ఫ్’ అని మొదలుపెట్టి పేరు చెప్పుకోవడం మాత్రం మానుకోవాలని గట్టిగా చెబుతాను; ‘ఐ యామ్’ అంటే సరిపోయేదానికి అంత బరువెందుకు?

సాధన విషయానికి వస్తే, ఒక నోటుపుస్తకం చాలు. మీరు పంపిన మెయిళ్ళలో దొరికిన ప్రతి తప్పునూ ఎడమ పేజీలో మీ మనసులో ముందు పుట్టిన తెలుగు వాక్యంగా, కుడి పేజీలో దిద్దిన ఇంగ్లీషు వాక్యంగా రాయండి. తప్పు వాక్యాన్ని రాయకండి, కంటికి అలవాటైపోతుంది. నెల తిరిగేసరికి మీ తప్పులు వందల రకాలు కావనీ, ఐదారే మళ్ళీ మళ్ళీ వస్తున్నాయనీ మీకే కనబడుతుంది. మీ అబ్బాయిని దిద్దనివ్వండి. కాకపోతే దిద్దిన ప్రతిసారీ ‘ఎందుకు?’ అని అడగండి. వాడు వినికిడితో పట్టుకున్నదానికి కారణం చెప్పలేకపోతే, ‘రాలేదు’ ఉదాహరణ మీరు చెప్పండి. వాడికి తెలుగూ వస్తుంది.

మెయిల్ ఈరోజే పంపండి. పంపాక ఒక్క జాగ్రత్త. మీ అధికారి ఫోన్ చేసి, ‘డిడ్‌న్ట్ యు రిసీవ్ ద లెటర్?’ అని అడగవచ్చు. ‘అందలేదా?’ అంటే ‘అవునండీ, అందలేదు’ అనడం మన అలవాటు. ఎదుటివారి మాటను ఒప్పుకుంటూ అవును అంటాం. ఆ ఊపులో నోటికి ‘యెస్ సర్’ వచ్చిందంటే, అందిందని ఆయన రాసుకుంటారు. లెటరు రాలేదు గనుక అక్కడ అనవలసిన మాట ‘నో సర్, ఐ హావెన్ట్’.